ఈవ్ ఆన్‌లైన్‌లో తొలి సంపాదన: హెరాన్ ఫిట్టింగ్ నుంచి జీటాలో అమ్మకం దాకా

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో అడుగుపెట్టిన కొత్త పైలట్ ముందు ఏడు వేలకు పైగా నక్షత్ర వ్యవస్థలుంటాయి. చేతిలో మాత్రం ఒక చిన్న షిప్, చిల్లర ఇస్క్ (ఆటలోని డబ్బు). ఏం చేయాలో ఆట చెప్పదు. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ గేమ్స్ 2003 మే 6న దీన్ని విడుదల చేసినప్పటి నుంచీ పద్ధతి ఇంతే. చైనా సర్వర్ వేరు, మిగతా ప్రపంచమంతా ట్రాంక్విలిటీ అనే ఒకే సర్వర్‌లో ఆడుతుంది. షిప్ పేలితే పోయినట్టే, సేవ్ చేసిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టడం ఉండదు.

కొత్తవాళ్లు సాధారణంగా మైనింగ్‌తో మొదలుపెట్టి, రాయి కరిగేదాకా తెర వైపు చూస్తూ కూర్చుని విసుగెత్తి మానేస్తారు. అంతకంటే మంచి దారి ఎక్స్‌ప్లొరేషన్. అంతరిక్షంలో దాగి ఉన్న సైట్లను ప్రోబ్‌లు అనే స్కానింగ్ పరికరాలతో వెతికి, అక్కడి కంటెయినర్లను హ్యాక్ చేసి, దొరికింది అమ్ముకోవడం. తుపాకీ అక్కర్లేదు, జేబులోంచి డబ్బు కట్టాల్సిన పనీ లేదు. కొద్ది మిలియన్ల ఇస్క్‌తో సిద్ధమయ్యే షిప్‌తో ఒక్క సాయంత్రంలో దానికి ఎన్నో రెట్లు తేవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే అనుకోవాలి. హ్యాకింగ్ ఒక పూటలో వచ్చేస్తుంది, దొరికిన సరుకుతో ఇంటికి చేరడం అంత సులువుగా రాదు. అందుకే ఈ మార్గదర్శిలో ప్రయాణానికే ఎక్కువ చోటు.

ఖాతా, నైపుణ్యాలు

ఇప్పటికే ఆడుతున్న స్నేహితులుంటే ఖాతా తెరవకముందే వాళ్ల ఆహ్వాన లింకు తీసుకోండి. దాని ద్వారా చేరితే అదనపు నైపుణ్య పాయింట్లు వస్తాయి. ఉచిత ఖాతాను ఆల్ఫా అని, చందా కట్టినదాన్ని ఒమేగా అని అంటారు. ఆల్ఫాకు శిక్షణ సగం వేగంతో సాగి, 50 లక్షల పాయింట్ల దగ్గర ఆగిపోతుంది. ఈ పనికి అది చాలు. ఆటలో సంపాదించిన ఇస్క్‌తో ప్లెక్స్ అనే టోకెన్లు కొని ఒమేగాకు మారే వీలుంది, 30 రోజులకు 500 ప్లెక్స్ కావాలి. ఇస్క్ లెక్కలో అది వందల కోట్ల మాట, కాబట్టి మొదటి నెలలో ఆ ఆశ పెట్టుకోకండి. బయటి సైట్లలో ఇస్క్ కొనడం మాత్రం నిషేధం, దొరికితే ఖాతా పోతుంది.

జాతి ఏదైనా ఫర్వాలేదు. పాత్ర రూపురేఖల మీద గంటసేపు కూర్చోనక్కర్లేదు, ఎదుటివాళ్లకు కనిపించేది మీ ముఖం ఫొటో ఒక్కటే.

ట్యుటోరియల్ అయ్యాక ఏజెన్సీ విండోలో కెరీర్ ఏజెంట్ల జాబితా తెరిచి, ఎక్స్‌ప్లోరర్ ఏజెంట్ దగ్గరకు వెళ్లండి. ఆ మిషన్ల వరుస పూర్తి చేస్తే ప్రోబ్ లాంచర్, అనలైజర్ల వంటి మొదటి సామాన్లు ఉచితంగా దొరుకుతాయి. ఇది దాటేసి నేరుగా మార్కెట్‌కు పరిగెత్తేవాళ్లు అనవసరంగా ఖర్చు పెట్టుకుంటున్నట్టే.

నైపుణ్యాల క్యూలో ఈ వరుస పెట్టండి (పక్కనున్న అంకె స్థాయి). మీ షిప్ జాతికి చెందిన ఫ్రిగేట్ 3, ఆస్ట్రోమెట్రిక్స్ 3, ఆర్కియాలజీ 3, హ్యాకింగ్ 3, తర్వాత ఆస్ట్రోమెట్రిక్ రేంజ్‌ఫైండింగ్. ఆస్ట్రోమెట్రిక్స్ ప్రతి స్థాయికీ ప్రోబ్ బలం 5 శాతం పెరుగుతుంది. ఆర్కియాలజీ రెలిక్ (పాత శిథిలాల) సైట్లకు, హ్యాకింగ్ డేటా సైట్లకు, ఒక్కో స్థాయికి హ్యాకింగ్‌లో మీరు వాడే వైరస్‌కు 10 కొహీరెన్స్, అంటే ప్రాణం, కలుపుతాయి. శిక్షణ అసలు గడియారంతో నడుస్తుంది. ఆట మూసేసి పడుకున్నా సాగుతూనే ఉంటుంది.

షిప్, ఫిట్టింగ్

నాలుగు సామ్రాజ్యాలకూ ఒక్కో ఎక్స్‌ప్లొరేషన్ ఫ్రిగేట్ ఉంది: కల్దారీకి హెరాన్, గాలెంటేకు ఇమికస్, అమార్‌కు మాగ్నేట్, మిన్మతార్‌కు ప్రోబ్. (షిప్ పేరూ ప్రోబే, అది వదిలే పరికరమూ ప్రోబే. మార్కెట్‌లో వెతికేటప్పుడు తికమక పడకండి.) నాలుగింటికీ స్కానింగ్ బోనస్‌తో పాటు వైరస్ బలానికి 5 అదనంగా వస్తుంది. పరికరాలు బిగించే మధ్య స్లాట్లు ఎక్కువని మా ఓటు హెరాన్‌కు. మనకు కావాల్సినవన్నీ మధ్య స్లాట్లలో పెట్టేవే.

పై స్లాట్‌లో కోర్ ప్రోబ్ లాంచర్ ఒకటి. దాన్ని ఎనిమిది కోర్ స్కానర్ ప్రోబ్‌లతో నింపి, ఇంకో ఎనిమిది కార్గోలో వేసుకోండి. మధ్యలో 5 మెగాన్యూటన్ మైక్రోవార్ప్‌డ్రైవ్ (వేగం పెంచేది), రెలిక్ అనలైజర్, డేటా అనలైజర్, కార్గో స్కానర్, ఐదోది స్కాన్ రేంజ్‌ఫైండింగ్ అర్రే. కింది స్లాట్లలో నానోఫైబర్, ఇనర్షియల్ స్టెబిలైజర్ లాంటివి. అవి షిప్‌ను త్వరగా తిప్పి త్వరగా వార్ప్‌లోకి, అంటే దూరాలను క్షణాల్లో దాటించే వేగంలోకి, పంపుతాయి. రిగ్‌లలో (షిప్‌కు శాశ్వతంగా బిగించేవి) గ్రావిటీ కెపాసిటర్ ఒకటి, రెలిక్ కొహీరెన్స్‌కు ఎమిషన్ స్కోప్ షార్పెనర్ ఒకటి. రిగ్‌లకు ఇచ్చిన కాలిబ్రేషన్ కోటా మిగిలితే డేటా కోసం మెమెటిక్ అల్గారిథమ్ బ్యాంక్.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు మిగిలిన స్లాట్లలో తుపాకులు, కవచాలు పెట్టడం. మిమ్మల్ని పట్టుకునేవాడి ముందు హెరాన్‌లో ఏ తుపాకీ పెట్టినా దోమ కుట్టినట్టే. ఆ కవచం బరువుకు షిప్ తిరగడం ఆలస్యమై, తప్పించుకోగలిగిన చోట కూడా దొరికిపోతారు. సర్వర్ సెకనుకు ఒక అడుగు చొప్పున నడుస్తుంది. ఫిట్టింగ్ విండోలో అలైన్ సమయం (తిరిగి వార్ప్‌లోకి వెళ్లడానికి పట్టేది) రెండు సెకన్లలోపు ఉన్న షిప్‌ను లాక్ చేసి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. హెరాన్‌ను అంత కిందికి తేలేకపోయినా తగ్గే ప్రతి అర సెకనూ లాభమే.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆడేవాళ్లు పింగ్ గురించి భయపడతారు. ఈ సెకను లెక్క వల్లే ఇక్కడ ఆ బెంగ పెద్దగా అక్కర్లేదు. లండన్‌లో ఉన్న సర్వర్‌తో మాట్లాడటానికి పావు సెకను పట్టినా ఆట తీరు మారదు. కరెంటు పోవడమే అసలు ఇబ్బంది, దాని సంగతి చివర్లో.

ఫిట్టింగ్ కుదిరాక దాన్ని సేవ్ చేసి, ఒకటి కాదు, మూడు షిప్‌లు ఒకేసారి కొనండి. ఒక్క హెరాన్‌తో వెళ్లినవాడు దాన్ని కాపాడుకోవాలన్న భయంతోనే ఏదీ చేయలేడు. హ్యాంగర్‌లో ఇంకో రెండు సిద్ధంగా ఉన్నాయని తెలిస్తే చేయి వణకదు.

ప్రోబ్‌లతో వెతకడం

మొదటి రెండు మూడు రోజులు హైసెక్‌లోనే, అంటే భద్రత 0.5 నుంచి 1.0 ఉన్న వ్యవస్థల్లోనే సాధన చేయండి. ఇక్కడ దొరికే సరుకు చిల్లరే అయినా, తప్పులు చేయడానికి ఇంతకంటే చవకైన చోటు లేదు.

ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి దూకించే గేటు దాటగానే ప్రోబ్‌లు వదలకండి. గేటు దాటినవాళ్లకు 60 సెకన్ల పాటు కనిపించకుండా ఉండే రక్షణ దొరుకుతుంది, ఏ పని చేసినా అది పోతుంది. ముందు చుట్టూ చూసి, ఒక గ్రహానికి వార్ప్ అవ్వండి. దారి మధ్యలో కంట్రోల్, బి కలిపి నొక్కితే ఆ క్షణాన మీరున్న చోటు బుక్‌మార్క్ అవుతుంది. తర్వాత వెనక్కి ఆ బుక్‌మార్క్‌కే వార్ప్ అయితే, ఏ గ్రహానికీ ఏ గేటుకూ చెందని నడి శూన్యంలో ఉంటారు. దీన్ని సేఫ్ స్పాట్ అంటారు. ఎక్కువసేపు ఉండబోయే ప్రతి వ్యవస్థలోనూ ఇది మొదట చేయాల్సిన పని.

అక్కడ లాంచర్ నొక్కి ఎనిమిది ప్రోబ్‌లూ వదిలి, ఆల్ట్, పి నొక్కి ప్రోబ్ స్కానర్ తెరవండి. జాబితాలో మూడు అక్షరాలు, మూడు అంకెలతో ఉన్న సిగ్నేచర్లు మనకు కావాల్సినవి. ఆకుపచ్చగా కనిపించే అనామలీలు వెతకకుండానే అందరికీ దొరుకుతాయి, వాటితో మనకు పని లేదు. ఈ గుర్తింపు అంకెలు రోజూ డౌన్‌టైమ్ తర్వాత మారతాయి. అది యూటీసీ 11 గంటలకు, మనకు సాయంత్రం 4:30కు. నిన్న రాసుకున్న ఐడీని ఇవాళ వెతికితే దొరకదు.

పిన్‌పాయింట్ అమరిక ఎంచుకుని, పరిధి 8 ఏయూ (ఒక ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం) పెట్టి, ఒక సిగ్నేచర్ మీదికి ప్రోబ్‌ల గుంపును లాగి స్కాన్ నొక్కండి. ఫలితం ఆకారాన్ని చదవడం వస్తే సగం పని అయినట్టే. ఎర్ర గోళం వచ్చిందంటే ఒక్క ప్రోబే దాన్ని పట్టింది. వలయం వస్తే రెండు పట్టాయి. రెండు చుక్కలు కనిపిస్తే మూడు ప్రోబ్‌లు పట్టాయి, ఆ రెండు చుక్కల్లో ఒకటే నిజం. ఒకే చుక్క వస్తే నాలుగో ఇంకా ఎక్కువో పట్టాయి. ఇక నడుము బిగించవచ్చు.

ఒకే చుక్క వచ్చాక గుంపును దాని మీద పెట్టి, పరిధి 4కు తగ్గించి స్కాన్ చేయండి. తర్వాత 2, 1, 0.5 ఏయూ, అవసరమైతే చివరిగా 0.25. ప్రతిసారీ గుంపును మళ్లీ చుక్క మధ్యకు తేవాలి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మ్యాప్‌ను పైనుంచి చూస్తూ ప్రోబ్‌లను చుక్క మీద సరిగ్గా పెట్టామనుకుంటారు, స్కాన్ చేస్తే శాతం పెరగకపోగా తగ్గుతుంది. పక్క నుంచి చూస్తే ప్రోబ్‌లు చుక్కకు ఎంతో ఎత్తులో వేలాడుతూ ఉంటాయి. పైనుంచి ఒకసారి, మ్యాప్ తిప్పి పక్క నుంచి ఒకసారి, ఈ రెండు చూపులూ ప్రతి అడుగుకూ తప్పనిసరి.

సంకేతం 25 శాతం దాటగానే అది ఏ రకమో తెలుస్తుంది: రెలిక్, డేటా, గ్యాస్, యుద్ధం, వార్మ్‌హోల్ (వేరే వ్యవస్థకు తాత్కాలిక సొరంగం). గ్యాస్, యుద్ధం అయితే అక్కడే ఆపి, కుడి క్లిక్‌తో ఇగ్నోర్ చేసి తర్వాతిదానికి వెళ్లండి. 75 శాతం దాటితే పేరు కనిపిస్తుంది. 100 అయితే వార్ప్ చేయవచ్చు, వెంటనే బుక్‌మార్క్ చేయండి. 0.25 ఏయూలో మధ్యకు సరిగ్గా పెట్టినా 100 రాకపోతే మీ చేతిలో తప్పు లేదు. నైపుణ్యం చాలలేదని అర్థం, దాన్ని వదిలేయండి.

పేరు చదవడం

సైట్ పేరులోనే అన్నీ ఉంటాయి. రెలిక్ సైట్ పేరు క్రంబ్లింగ్ అని మొదలైతే హైసెక్, డీకేడ్ అయితే లోసెక్ (భద్రత తక్కువ), రూయిన్డ్ అయితే నల్‌సెక్ (భద్రతే లేదు). డేటా సైట్లకు అదే వరుసలో లోకల్, రీజనల్, సెంట్రల్. పేరులో ఏంజెల్, బ్లడ్ రైడర్, గురిస్టాస్, సాన్షా, సెర్పెంటిస్ అనే దొంగల ముఠా పేరు ఉంటే అది మన సైట్. లోపల కాపలా ఎవరూ ఉండరు.

ఈ పేర్లు కనిపిస్తే మాత్రం వెనక్కి తిరగండి. వార్మ్‌హోల్‌లో ఫర్‌గాటెన్ అని మొదలయ్యే రెలిక్ సైట్లు, అన్‌సెక్యూర్డ్ అని మొదలయ్యే డేటా సైట్లు స్లీపర్ డ్రోన్ల ఇళ్లు. దిగిన కొద్ది సెకన్లలో హెరాన్ బూడిదవుతుంది. కోవర్ట్ రీసెర్చ్ ఫెసిలిటీ అని ఉంటే అది గోస్ట్ సైట్. సమయం మించినా, హ్యాక్ తప్పినా కంటెయినర్లు పేలి మిమ్మల్నీ తీసుకుపోతాయి. స్లీపర్ క్యాష్ అని ఉంటే దానికి వేరే ఫిట్టింగ్, వేరే చదువు కావాలి.

హ్యాకింగ్, దగ్గరగా

సైట్‌లో దిగగానే ఒక్కో కంటెయినర్‌నూ లాక్ చేసి కార్గో స్కానర్ వేయండి. లోపల ఏముందో, మార్కెట్ అంచనా ధర ఎంతో చూసి విలువైనదాంతో మొదలుపెట్టండి. అనలైజర్‌ను 5 కిలోమీటర్ల లోపు నుంచి నడపాలి, సరుకు తీసుకోవడానికి 2,500 మీటర్ల లోపుకు వెళ్లాలి.

2013 జూన్‌లో ఒడిస్సీ అప్‌డేట్‌తో వచ్చిన ఈ హ్యాకింగ్, అంటే గడుల మీద ఆడే చిన్న ఆటలో, మీ వైరస్‌కు రెండు అంకెలుంటాయి. కొహీరెన్స్ అంటే ప్రాణం, స్ట్రెంత్ అంటే దెబ్బ. మొదటి తరం రెలిక్ అనలైజర్ 40 కొహీరెన్స్, 20 స్ట్రెంత్ ఇస్తుంది. ఆర్కియాలజీ 3తో 30, రిగ్‌తో 10 కలిస్తే కొహీరెన్స్ 80. షిప్ ఇచ్చే 5తో స్ట్రెంత్ 25.

గడి తెరిచినప్పుడు కనిపించే అంకె, దగ్గర్లోని ఉపయోగపడే వస్తువో డేటా క్యాషో సిస్టమ్ కోరో ఎన్ని అడుగుల దూరంలో ఉందో చెబుతుంది. 1 అంటే పక్కనే. 5 అంటే ఐదు లేదా అంతకంటే దూరం, అటు వెళ్లడం దండగ. సిస్టమ్ కోర్‌ను కనుక్కుని దాని కొహీరెన్స్‌ను సున్నా చేస్తే కంటెయినర్ తెరుచుకుంటుంది.

దారిలో అడ్డుపడేవి నాలుగు. ఫైర్‌వాల్‌కు ప్రాణం ఎక్కువ, దెబ్బ తక్కువ. యాంటీ వైరస్ దానికి తలకిందులు. రెస్టొరేషన్ నోడ్ మిగతా కాపలాదారులకు ప్రతి ఎత్తుకూ ప్రాణం పోస్తుంది. వైరస్ సప్రెసర్ మీ స్ట్రెంత్‌ను తగ్గిస్తుంది. చివరి రెండూ బయటపడిన క్షణమే వాటి పని పట్టాలి. పక్కన పెట్టి తర్వాత చూద్దామనుకుంటే మిగతా ఆటంతా వాటికి పన్ను కడుతూ ఉండాలి.

ఒక లెక్క చూడండి. 60 ప్రాణం, 20 దెబ్బ ఉన్న ఫైర్‌వాల్ ఎదురైందనుకోండి. మీ 25తో కొడితే 60 నుంచి 35, తర్వాత 10, మూడో దెబ్బకు పోతుంది. అది బతికి ఉన్న రెండుసార్లూ తిరిగి కొడుతుంది కాబట్టి మీకు 40 నష్టం. ఇప్పుడు 30 ప్రాణం, 40 దెబ్బ ఉన్న యాంటీ వైరస్. మీ మొదటి దెబ్బకు దానికి 5 మిగులుతుంది, ఆ ఐదుతోనే అది బతికి 40 కొడుతుంది. నష్టం మళ్లీ 40. అదే రెండో తరం అనలైజర్ ఉంటే స్ట్రెంత్ 30కి షిప్ ఇచ్చే 5 కలిసి 35. ఆ యాంటీ వైరస్ ఒక్క దెబ్బకే పోయి, మీకు గీత కూడా పడదు. అందుకే డబ్బు చేరగానే ప్రాణం పెంచే వస్తువుల కంటే దెబ్బ పెంచే అనలైజర్ మీద కన్నేయాలి. దానికి ఆ నైపుణ్యం 5వ స్థాయి కావాలి, అంటే ఒమేగా.

దొరికిన సాయాలను వాడటంలోనూ పొదుపు, దుబారా రెండూ నష్టమే. కెర్నల్ రాట్ ఎదుటి దాని ప్రాణాన్ని సగం చేస్తుంది కాబట్టి దాన్ని నిండు ప్రాణంతో ఉన్న సిస్టమ్ కోర్‌కో బలమైన ఫైర్‌వాల్‌కో దాచండి. కొట్టి కొట్టి పది మిగిలినదాని మీద వాడితే ఐదే పోతుంది. పాలిమార్ఫిక్ షీల్డ్ రెండు దెబ్బల్ని ఆపుతుంది, యాంటీ వైరస్ ముందు దాని విలువ ఎక్కువ. సెల్ఫ్ రిపేర్ కాస్త దెబ్బతిన్నాక వాడినా సరిపోతుంది. డేటా క్యాష్‌లు మాత్రం జూదం. తెరిస్తే సాయమూ రావచ్చు, కాపలాదారూ రావచ్చు. కోర్ దారి తెలిసిపోయాక వాటి జోలికి వెళ్లకండి.

మొదటిసారి ఓడితే ఇంకో అవకాశం ఉంటుంది. రెండోసారీ ఓడితే కంటెయినర్ సరుకుతో సహా పేలిపోతుంది.

ఈ గడుల మీద కళ్లు పెట్టి బయటి ప్రపంచాన్ని మరిచిపోవడమే కొత్త ఎక్స్‌ప్లోరర్ల చావుకు మొదటి కారణం. హ్యాకింగ్ విండోను తెరలో ఒక పక్కకు చిన్నగా జరిపి, రెండో పక్క చుట్టూ ఉన్న షిప్‌లను, ప్రోబ్‌లను చూపే డైరెక్షనల్ స్కానర్, అంటే డీ-స్కాన్ తెరిచి ఉంచండి. పరిధి పూర్తిగా 14.3 ఏయూ, కోణం 360 డిగ్రీలు. ఆట సాగుతుండగానే ప్రతి మూడు నాలుగు ఎత్తులకు ఒకసారి వి నొక్కాలి. జాబితాలో కంబాట్ ప్రోబ్‌లు కనిపించాయంటే ఎవరో వేటగాడు మీ షిప్ కోసమే వెతుకుతున్నాడని అర్థం. కొత్త షిప్ పేరు కనిపించినా అంతే. హ్యాక్ సగంలో ఉన్నా, కోర్ ఒక్క దెబ్బ దూరంలో ఉన్నా, సేఫ్ స్పాట్‌కు వార్ప్ అయిపోండి. "ఈ ఒక్కటీ అయ్యాక" అనుకున్నవాళ్ల షిప్‌లతోనే కిల్‌బోర్డులు (పేలిన షిప్‌ల జాబితాలు) నిండి ఉంటాయి. క్లోక్‌లో ఉన్న, అంటే కంటికి కనిపించకుండా దాగిన షిప్ మాత్రం డీ-స్కాన్‌లో కనిపించదు, అందుకే హ్యాక్ చేస్తున్నంతసేపూ కంటెయినర్ చుట్టూ తిరుగుతూనే ఉండండి. 2,000 మీటర్ల లోపు ఏదైనా వస్తువు వస్తే క్లోక్ విడిపోతుంది.

అసలు డబ్బు ఉన్న చోటుకు

హైసెక్‌లో పది పదిహేను సైట్లు చేతికొచ్చాక వార్మ్‌హోల్ దారి పట్టండి. స్కాన్‌లో వార్మ్‌హోల్ దొరికితే దాని దగ్గరకు వెళ్లి షో ఇన్ఫో చదవండి. అవతల అన్‌నోన్ స్పేస్ అని ఉంటే 1 నుంచి 3 తరగతుల వ్యవస్థ. ముఠాల పేర్లున్న కాపలా లేని సైట్లు అక్కడే దొరుకుతాయి. డేంజరస్ అన్‌నోన్, డెడ్లీ అన్‌నోన్ అని ఉంటే మనకు పనికిరాని పై తరగతులు. ఆయుష్షు వాక్యం కూడా చదవాలి. సహజ ఆయుష్షు ముగింపుకు చేరుతోందని ఉంటే నాలుగు గంటల లోపే మూసుకుపోతుంది, అందులోకి వెళ్లకండి.

దూకే ముందు రెండు పనులు. ప్రోబ్‌లను వెనక్కి పిలిపించుకోవడం, ఇవతలి వైపు బుక్‌మార్క్ చేయడం. దూకగానే మూడోది, అవతలి వైపు నోటిని బుక్‌మార్క్ చేయడం. ఇది మరిచిపోతే ఇంటి దారే ఉండదు. ప్రోబ్‌లు కూడా వెనక వదిలేసి వస్తే బయటి దారి వెతకడానికి పరికరమే ఉండదు. అలా చిక్కుకుపోయినవాళ్లను బయటికి తెచ్చే పని సిగ్నల్ కార్టెల్ అనే ఆటగాళ్ల సంస్థ ఉచితంగా చేస్తోంది. పేరు గుర్తుపెట్టుకోండి, ఏదో ఒక రోజు పనికొస్తుంది.

వార్మ్‌హోల్‌లో లోకల్ (ఆ వ్యవస్థ చాట్) జాబితా ఎవరినీ చూపించదు. మాట్లాడిన వాళ్ల పేరే కనిపిస్తుంది, కాబట్టి మీరూ మాట్లాడకండి. నల్‌సెక్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. వ్యవస్థలో ఎవరున్నా లోకల్‌లో కనిపిస్తారు, మీరూ అందరికీ కనిపిస్తారు. ఖాళీ వ్యవస్థలో పని చేస్తుండగా కొత్త పేరు చేరితే అతను మీకోసమే వచ్చాడని అనుకోవడం ఆరోగ్యకరం.

ఇంటికి

కార్గో విలువ షిప్ ధరకు పది రెట్లు దాటితే ఇంటి ముఖం పట్టాలన్నది మా లెక్క. హెరాన్ ఐదు మిలియన్లయితే 50 మిలియన్, అంటే ఐదు కోట్లు. ఆశ ఆపుకోలేక ఇంకో సైట్ చూద్దామనుకున్న సాయంత్రాలు ఎక్కువగా పాడ్‌లో, అంటే షిప్ పేలాక పైలట్ మిగిలే గుళికలో ముగుస్తాయి.

నల్‌సెక్‌లో, వార్మ్‌హోల్‌లో వార్ప్‌ను ఆపేసే బబుల్స్ ఉంటాయి. రెండు గేట్ల మధ్య సరళరేఖ మీద వల వేసినట్టు ఒక బబుల్ పెడితే, ఆ దారిన వార్ప్ అయిన ప్రతి షిప్పూ దాంట్లో పడుతుంది. అందుకే గేటు నుంచి గేటుకు నేరుగా వెళ్లకండి. పక్కగా ఉన్న గ్రహానికి వెళ్లి, అక్కడి నుంచి డీ-స్కాన్ కోణాన్ని 5 డిగ్రీలకు తగ్గించి గేటు వైపు చూసి, ఖాళీ అనిపిస్తే వెళ్లండి.

దూకిన తర్వాత గేటు దగ్గర బబుల్, చుట్టూ షిప్‌లు కనిపిస్తే వెంటనే కదలకండి. 60 సెకన్లున్నాయి. బబుల్ అంచు ఎటు దగ్గరగా ఉందో, గేటు ఎంత దూరంలో ఉందో చూడండి. గేటు దగ్గరైతే మైక్రోవార్ప్‌డ్రైవ్ వేసి తిరిగి గేటులోకే దూకేయడం చాలాసార్లు పనిచేస్తుంది. మీరు ఎవరి మీదా దాడి చేయలేదు కాబట్టి గేటు మిమ్మల్ని ఆపదు. లోసెక్‌లో బబుల్స్ ఉండవు, అక్కడ మీకూ వాళ్లకూ మధ్య ఉన్నది అలైన్ సమయం ఒక్కటే.

షిప్ పోయిందే అనుకుందాం. వెంటనే ఏదో ఒక గ్రహాన్ని ఎంచుకుని వార్ప్ బటన్ నొక్కుతూనే ఉండండి. బబుల్ లేకపోతే పాడ్ చిక్కడం కష్టం. పాడ్ కూడా పోతే మీ హోం స్టేషన్‌లో కొత్త క్లోన్‌లో లేస్తారు. తలలో ఖరీదైన ఇంప్లాంట్‌లు (పాడ్‌తో పాటే పోయేవి) లేకపోతే అది ఉచిత టాక్సీ లాంటిదే. లోకల్‌లో తిట్టకండి, వాళ్లకు కావాల్సింది అదే. చంపినవాణ్నే "ఎక్కడ తప్పు చేశాను" అని మర్యాదగా అడిగితే చాలామంది ఓపిగ్గా చెబుతారు. ఈ ఆటలో వింతైన మంచి అలవాటు అది.

హైసెక్ చేరగానే ఊపిరి పీల్చుకోవడం ఇంకో పొరపాటు. కాంకార్డ్ పోలీసులు దాడి చేసినవాణ్ని శిక్షిస్తారు, మిమ్మల్ని కాపాడరు. వాళ్లు వచ్చే కొద్ది సెకన్లలోనే చవక డిస్ట్రాయర్‌తో మిమ్మల్ని పేల్చి, తన షిప్ పోగొట్టుకుని, మీ సరుకును ఇంకో షిప్‌తో ఏరుకునేవాళ్లున్నారు. యూడామా వ్యవస్థ ఇందుకు పేరుమోసింది. ఆటోపైలట్ పెట్టి టీ తాగడానికి లేవకండి. అది గేటుకు కొన్ని కిలోమీటర్ల అవతల దింపి నెమ్మదిగా నడిపిస్తుంది. ప్రతి గేటుకూ స్వయంగా సున్నా దూరానికి వార్ప్ అయి దూకండి. సేఫ్టీ బటన్ ఆకుపచ్చలోనే ఉంచండి, పొరపాటున నేరం చేసి కాంకార్డ్‌కు మీరే చిక్కకుండా అది ఆపుతుంది.

జీటాలో

అన్నింటికంటే పెద్ద సంత జీటా. అందులో నాలుగో గ్రహం, నాలుగో చందమామ దగ్గరి కల్దారీ నేవీ స్టేషన్. సరుకంతా ఎంచుకుని అమ్మకం విండోలో పెడితే, వెంటనే కొనేవాళ్ల ధర, మీరు ఆర్డర్ పెడితే రాగల ధర రెండూ తెలుస్తాయి. కొన్ని వస్తువుల్లో ఆ తేడా చాలా ఎక్కువ. ఖరీదైన నాలుగైదింటికి ఆర్డర్ పెట్టి, మిగతావి వెంటనే వదిలించుకోవడం మధ్యేమార్గం. ఆర్డర్ పెడితే బ్రోకర్ ఫీజు, అమ్మితే పన్ను కూడా లెక్కేసుకోండి. ధర టైప్ చేసేటప్పుడు సున్నాలు రెండోసారి లెక్కపెట్టుకోవాలి. ఒక్క సున్నా తక్కువైనా సరుకు రెప్పపాటులో పోతుంది, ఫిర్యాదు చేసినా తిరిగి రాదు.

జీటా లోకల్‌లో "మీ ఇస్క్ రెట్టింపు చేస్తాం" అని అరుస్తూ ఉంటారు. మోసం చేయడం ఈ ఆటలో నిబంధనలకు విరుద్ధం కాదు. కాంట్రాక్టులు కూడా అంతే. ఒక అక్షరం తేడా ఉన్న వస్తువును అసలు ధరకు అంటగడతారు.

కరెంటు పోతే

అంతరిక్షంలో ఉండగా కనెక్షన్ తెగితే షిప్ తనంతట తాను పది లక్షల కిలోమీటర్ల దూరానికి వార్ప్ అయ్యి, ఎవరితోనూ గొడవలో లేకపోతే సుమారు ఒక నిమిషానికి మాయమవుతుంది. ఎవరైనా ఇప్పటికే వార్ప్ ఆపేసి పట్టుకుని ఉంటే ఆ అదృష్టం ఉండదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా రౌటర్ దాని మీద లేకపోతే ఫలితం శూన్యం, ముందు ఆ ప్లగ్ మార్చండి. వేసవిలో కోతలున్న ఊళ్లో ఆడేవాళ్లు వార్మ్‌హోల్‌లోకి వెళ్లేముందు మొబైల్ హాట్‌స్పాట్ సిద్ధం చేసుకోవడం మంచిది. తిరిగి లాగిన్ అయితే షిప్ మునుపు ఉన్న చోటుకే వార్ప్ అయి వస్తుంది. వెంటనే వి నొక్కండి. అంతదాకా ఖాళీగా ఉన్న సైట్ ఈలోగా అలాగే ఉందన్న నమ్మకం లేదు.